దేవరకొండ దిక్కు బోరు కెమెరా సర్వీసు: నేవీల పనిచేసి వచ్చినోడి రివ్యూ

ముందుగాల మా బోరు సంగతి చెప్త, లేకపోతే రివ్యూ అర్థం కాదు. మాది దేవరకొండ దగ్గర పల్లె, నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. బోరు 610 అడుగులు, ఆరున్నర ఇంచులది, 5 హెచ్‌పీ మోటరు 520 అడుగుల కాడ దించి ఉండె. ఏప్రిల్ రెండో వారంల ఒకనాడు పొద్దుగాల స్టార్టర్ కొట్టేసింది, మళ్ల వేస్తే ఆంపియర్ ముల్లు లేస్తనే లేదు, బోరు మూతి కాడ పైపు పట్టి ఊపితే బరువే లేనట్టు ఊగుతాంది. మోటరు తీసే బండిని పిలిపిస్తే వట్టి పైపు పైకొచ్చింది, మోటరుకు పైపును కలిపే నిప్పల్ కాడ తెగింది, కేబుల్ గూడ అక్కడనే తెగింది. సరే నైలాన్ తాడు ఉంది గద అని తాడు పట్టి గుంజితే మూడొందల అడుగుల ముక్క చేతికొచ్చింది, మిగతాది మోటరుతోని సహా కిందికి పోయింది. సప్పుడు పైకి ఇనబడ్డది.

ఊళ్లె అందరు ఒక్కటే మాట, ఆ బోరు వదిలేసి కొత్తది ఏయి అని. కొత్త బోరంటే కేసింగు, మోటరు, పైపులు అన్ని కలిపితే లక్ష దాటుతది, దాటినా నీళ్లు పడుతయన్న గ్యారంటీ మా రాతి భూముల ఎవ్వరు ఇయ్యరు, మా పక్క చెల్కల మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్మే లేసినయి. తోటల కాయ మీద ఉన్న చెట్లు, పది రోజులు నీళ్లు లేకపోతే పిందె రాలుతది. అందుకే ముందు కెమెరా దించి చూద్దాం, లోపల ఏముందో కంటితోని చూసినంక డిసైడ్ చేద్దాం అనుకున్న.

నేను 15 ఏండ్లు నేవీల చేసిన, అందుల ఎక్కువ కాలం వైజాగ్‌లనే, ఇంజన్ రూం మనిషిని. పంపులు, వాల్వులు, సీళ్లు, గ్లాండులు ఇవే నా పని. అందుకని ఈ బోరు కెమెరా పని చూస్తుంటే వేరేటోళ్లకు కనబడనియి నాకు కనబడ్డయి, అవి రాస్తే ఎవరికన్న పనికొస్తయని రాస్తున్న. ఇద్దరిని పిలిచిన, మొదటి ఆయనతోని పని చెడ్డది, రెండోసారి వచ్చిన అన్నదమ్ములతోని పని అయింది. ఎవరి పేరూ రాస్తలేను. మొదటి ఆయన పేరు రాసుడు నాకు ఇష్టం లేదు, ఈ అన్నదమ్ములేమో సీజన్ల పొద్దుగాల నాలుగింటికెల్లి ఫోన్లు మోగుతున్నయి నంబర్ బయట పెట్టకు కాకా అన్నరు. మల్లేపల్లి దిక్కు అడిగితే ఎవరైనా చెప్తరు.

మొదటి కెమెరా ఆయన బైకు మీద వచ్చిండు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ముకు చుట్టిన కేబుల్, చిన్న టీవీ, కెమెరా మీద కిందటి బోరు మట్టి ఇంక ఎండిపోయి అట్లనే ఉంది. నేను చూసి జర తుడువు తమ్మీ అంటే అంగీ కొసతోని అద్దం తుడిసి డైరెక్ట్ బోర్ల దించిండు. నీళ్ల మట్టం 180 కాడ ఉంది, అంతవరకు మంచిగనే కనబడ్డది. నీళ్లల్లకు పోయినంక రెండొందల యాభై కాడ టీవీ మీద బొమ్మ పాలపొర లెక్క తెల్లగయింది, మూడొందల దాక పోంగనే అడ్డం గీతలు, మొత్తం నలుపు. పైకి తీసి చూస్తే అద్దం లోపల నీటి చుక్కలు. మీ బోరు నీళ్లు బాగలేవు అన్నడు. పైసలు మాత్రం తీసుకున్నడు. నాకు పైసల కంటె ఆ మాటే ఎక్కువ బాధయింది, ఎందుకంటే నీళ్లది తప్పు లేదు, నీళ్లు చేసే పని నీళ్లు చేసినయి.

ఇక్కడ జర లెక్క చెప్త, ఇది తెల్వకనే మనోళ్లు మోసపోతున్నరు. నీళ్లల్ల ప్రతి 10 మీటర్ల లోతుకు, అంటే 33 అడుగులకు, ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతది. సముద్రమైనా బోరైనా లెక్క ఒకటే, బోరు సన్నగ ఉంది గద ప్రెషర్ తక్కువ ఉంటదేమో అనుకుంటరు, అట్ల ఉండదు, నీళ్ల ఎత్తే లెక్క. మా బోర్ల నీళ్ల మట్టం 180, కెమెరా పోవాల్సింది 560, అంటే కెమెరా నెత్తి మీద 380 అడుగుల నీళ్లు, 116 మీటర్లు. సెంటీమీటరుకు 11 కిలోల పైన. కెమెరా ముందటి అద్దం అయిదు సెంటీమీటర్ల అడ్డకొలత ఉందనుకోండి, ఆ చిన్న అద్దం మీద దగ్గర దగ్గర 225 కిలోలు పడుతది. 45 కిలోల యూరియా బస్తాలు అయిదు తెచ్చి అరచేతిల పట్టేటంత అద్దం మీద పెట్టినట్టు. వైజాగ్ బీచ్ రోడ్డుల మ్యూజియం చేసిన కుర్సుర జలాంతర్గామి చాలామంది చూసే ఉంటరు, 1969ల అప్పటి సోవియట్ రష్యా కాడ తీసుకున్నం, 91 మీటర్ల పొడుగు, 2001 దాక పనిచేసింది, అది పోయే లోతు రెండొందల యాభై మీటర్ల లెక్కల ఉంటది. మన నల్గొండ, నాగర్‌కర్నూలు జిల్లాల్ల ఎనిమిదొందల అడుగుల బోరుంటే, వానకాలం నిండి పైదాక నీళ్లొస్తే, దాని అడుగున ప్రెషర్ ఆ జలాంతర్గామి చూసే ప్రెషర్‌కు సమానం. చిన్న సంగతి అనుకోవద్దు.

ఇగ పాలపొర సంగతి. బయట 42 డిగ్రీల ఎండ, కెమెరా డబ్బా లోపల గాలి, ఆ గాలిల తేమ ఉంటది. బోరు నీళ్లు ఎండ కంటె సల్లగ ఉంటయి, డబ్బా సల్లబడంగనే లోపలి తేమ అద్దానికి పడుతది, సల్లటి సీసా బయట పెడితే చెమట పట్టినట్టే, కాకపోతే ఇక్కడ లోపల పడుతది. మొదటి పొర అది. తర్వాత గీతలొచ్చి నల్లగయింది మాత్రం నీళ్లు లోపలికి దూరి. అంటే రెండు తప్పులు, డబ్బా మూసేటప్పుడు లోపల తేమ తీసేది పెట్టలేదు, మూత సందుల నీళ్లు దూరకుంట పెట్టే రబ్బరు రింగు, అంటే ఓ-రింగు, సూడలేదు.

రెండో టీం మూడు రోజుల తర్వాత వచ్చింది. బొలెరోల వచ్చిండ్రు, అన్న తమ్ముడు, అన్నకు ముప్పై అయిదు ఉంటయి, తమ్మునికి పాతిక లోపే. పొద్దుగాల ఆరింటికి వస్తమని పదకొండింటికి వచ్చిండ్రు, ఆ అయిదు గంటలు నేను, మా నాయిన, మోటరు తీసే బండి డ్రైవరు ముగ్గురం చెట్టు కింద కూసున్నం, ఫోన్ చేస్తే దారిల ఉన్నం కాకా అనే మాట తప్ప వేరే మాట లేదు. ఇది వాళ్లకు మైనస్, మొఖం మీదనే చెప్పిన. కాని వచ్చినంక తమ్ముడు చేసిన పని చూసి నా కోపం పోయింది.

బండి వెనక తట్టుల ఒక తెల్ల గుడ్డ పరిసిండు. కెమెరా ముందు మంచి నీళ్లతోని కడిగి, ఆరబెట్టి, అప్పుడు వెనక మూత విప్పిండు. ఓ రింగులు రెండూ పుల్లతోని తీసిండు, ఇనుప మొన పెట్టలేదు, ప్లాస్టిక్ పుల్లతోనే. ఒక్కొక్క రింగు రెండు వేళ్ల నడుమ పెట్టి చుట్టూత జరుపుకుంట గోటితోని చూసిండు, ఎక్కడన్న కోత ఉందా అని. తర్వాత దూదితోని గాడి మొత్తం తుడిసిండు, దూది పోగు ఎక్కడన్న పట్టుకుంటే అక్కడ గీత ఉన్నట్టు. నేను ట్రైనింగుల ఉన్నప్పుడు మా చీఫ్ ఇదే పని, ఇట్లనే దూదితోని, వంద సార్లు చేయించిండు. ఎవరు నేర్పిండ్రు తమ్మీ అంటే, హైదరాబాద్‌ల ఒక రిపేర్ షాపుల రెండేండ్లు చేసిన కాకా, మొదట్ల రెండు కెమెరాలు కరాబు చేసుకున్నంక నేర్చుకున్న అన్నడు.

ఓ రింగు చూస్తే చిన్న రబ్బరు గుండ్రం, పది రూపాయలది, కాని అది పనిచేసే తీరు గమ్మతుగుంటది. గాడిల జర నొక్కుకొని కూసుంటది, బయటి నీళ్ల ప్రెషర్ వచ్చి దాన్ని సందులకు తోస్తది, ఎంత తోస్తే అంత గట్టిగ సందు మూసుకుంటది. అంటే లోతుకు పోయేకొద్ది సీల్ ఇంక బిగుస్తది. అందుకే చాలా లీకులు పైపైనే, తక్కువ లోతుల్నే మొదలైతయి, రింగు ఇంక సందుల కూసోక ముందు. ఒక్క వెంట్రుక అడ్డం పడ్డా, ఇసుక రేణువు పడ్డా, ఎండిపోయి గట్టిపడ్డా అది కూసోదు. సిలికాన్ గ్రీజు గూడ పల్చగ మెరిసేటంత రాయాలె గాని గాడి నిండ మెత్తితే దుమ్ము పట్టుకుంటది, ఈ పిలగాడు మెరుపు వచ్చేదాక రాసి ఆపిండు. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం కొత్తది పెట్టి మూసిండు. మూసినంక చిన్న చేతి పంపు పెట్టి లోపలి గాలి గుంజి, గేజీ ముల్లు చూసుకుంట పది నిమిషాలు ఊకె కూసున్నడు. ముల్లు కదలలేదు. జలాంతర్గామి మునిగే ముందు గూడ గిదే పద్ధతి, లోపలి గాలి ప్రెషర్ జర మార్చి ముల్లు నిలబడుతుందా చూస్తరు, నిలబడకపోతే ఏదో మూత పట్టలేదని అర్థం. నేను ఆ పది నిమిషాలు పిలగాన్నే చూసుకుంట నిలబడ్డ, నాకు డాక్‌యార్డు యాదికొచ్చింది.

చిన్న జాయింటు ఎంత పని చేస్తదో చెప్పాల్నంటే అమెరికా జలాంతర్గామి థ్రెషర్ సంగతే చాలు. 1963 ఏప్రిల్ 10న లోతు పరీక్షకు పోయి 129 మందితోని మునిగిపోయింది. ఇంజన్ రూంల సముద్రపు నీళ్ల పైపు ఒక అతుకు కాడ ఇడిసి ఉంటదని ఎంక్వైరీల తేల్చిండ్రు. ఆ తర్వాత వాళ్లు నీళ్లను ఆపే ప్రతి ముఖ్యమైన అతుకుకు, బోల్టుకు, ఎవరు చేసిండ్రు ఎవరు చూసిండ్రు అని కాయితం పెట్టే పద్ధతి తెచ్చిండ్రు. 2023 జూన్‌ల మునిగిన టైటానిక్ ఓడను చూడపోయిన టైటాన్ అనే చిన్న మునిగే నావ సంగతి టీవీల అందరు చూసిండ్రు, కార్బన్ ఫైబర్ గొట్టం, అయిదుగురు పోయిండ్రు. మనది బోరు, మనిషి పోడు లోపలికి, పోతే పైసలు పోతయి అంతే, కాని నీళ్లకు రెండిటి నడుమ తేడా తెల్వదు.

కేబుల్ గూడ చూసిన. పసుపు కేబుల్, లోపల గట్టి తీగె ఉంది బరువు మోసేటందుకు, కెమెరాల దూరే కాడ రబ్బరు బూటు, దాని మీద బిగింపు. ఆ దూరే జాగనే అన్నిటికంటె బలహీనమైనది. పైన కేబుల్ తోలు ఎక్కడన్న తెగితే నీళ్లు తీగెల సందుల నుంచి పాక్కుంట కెమెరా దాక పోతయి, పైన పది మీటర్ల కాడ కోత పడి కింద కెమెరా చెడిపోయినయి ఉన్నయి. వాళ్లు దించేటప్పుడు అన్న చేతిల తడిగుడ్డ పట్టుకొని కేబుల్ మొత్తం ఆ గుడ్డలకెల్లి పోనిచ్చిండు, ఎక్కడ గరుకు తగిలినా ఆపి చూస్తున్నడు.

మా బావ కొడుకు ఒకడు వచ్చి, ఇంత తీగె ఎందుకు, వైఫై కెమెరా దించి ఫోన్ల చూడొచ్చు గద అన్నడు. మంచి ప్రశ్ననే. నీళ్లల్ల రేడియో పోదు, అందుల ఉప్పు నీళ్లల్ల అసలే పోదు, వైఫై అయితే జానెడు నీళ్లకే సచ్చిపోతది. మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు పంపాలంటే గూడ చాలా పొడుగు అలలున్న వీఎల్ఎఫ్ రేడియోనే ఎక్కువ వాడుతరు, అది గూడ సముద్రంల పై పొరల కొన్ని మీటర్ల వరకే దిగుతది. మన పక్కనున్న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిల నేవీ వాళ్లు కడుతున్నది ఆ వీఎల్ఎఫ్ రేడియో స్టేషనే, 2024 అక్టోబర్ల శంకుస్థాపన అయింది, అడవి పోతదని గొడవ గూడ మస్తు అయింది, ఆ గొడవల నిజమైన బాధ ఉంది, చెట్లు పెంచేటోన్ని కాబట్టి నాకు తెలుసు. సముద్రం లేని కాడ నేవీకి ఏం పని అని అప్పుడు చాలామంది అడిగిండ్రు, ఆ యాంటెన్నా మాట్లాడేది సముద్రం కింద ఉన్నోళ్లతోని. బోరు కెమెరాకు అంత కష్టం లేదు, తీగె ఉంది.

దించుడు మొదలుపెట్టినంక తమ్ముడు తొందర పడలేదు, ఇది ఇంకో ప్లస్. మొదటి ఆయన ఎల్ఈడీలు ఫుల్ పెట్టిండు, ఈయన తగ్గించి పెట్టిండు. ఎందుకంటే నీళ్లల్ల మట్టి నలకలు ఉంటయి, లైటు కెమెరా అద్దం పక్కనే ఉంటది, ఎక్కువ లైటు కొడితే ఆ నలకలే మెరిసి కండ్లకు కొడతయి, వెనక బండ కనబడదు, రాత్రి మంచుల బండి హైబీమ్ పెట్టినట్టు. సముద్రంల దించే మిషన్లకు లైట్లు చేతుల లెక్క దూరం దూరం పెడతరు, పక్కకెల్లి పడేటట్టు. ఆరున్నర ఇంచుల బోర్ల అంత జాగ యాడిది, కాబట్టి లైటు తగ్గించుడు, కెమెరా ఆపి నీళ్లు తేటపడేదాక ఆగుడు, ఇవే మార్గాలు. 300 కాడ ఒకసారి, 450 కాడ ఒకసారి పది పది నిమిషాలు ఆగిండ్రు. మా నాయిన ఏంది ఆగిండ్రు అని గాబరా పడ్డడు.

296 అడుగుల కాడ మా తాడు తెగిన కారణం దొరికింది. బోరు గోడకు బండ అంచు ఒకటి కత్తి లెక్క బయటికొచ్చి ఉంది, దాని మీద నైలాన్ పోగులు తెల్లగ ఇంక అంటుకొని ఉన్నయి. ఇన్నేండ్ల సంది మోటరు స్టార్ట్ అయినప్పుడల్లా జర్కుకు తాడు ఆ అంచుకు రాసుకుంట వచ్చింది. ఇది చూడకుంటే కొత్త తాడు కట్టినా మళ్ల రెండు మూడేండ్లకు గిదే కథ. ఈ ఒక్క బొమ్మకే నా పైసలు వసూలైనయి అనుకున్న. వాళ్ల దాంట్ల పక్కకు చూసే సైడు కెమెరా ఉంది, గుండ్రంగ తిప్పొచ్చు, అది లేని కెమెరాతోని ఈ అంచు కనబడేది గాదు, కిందికి చూసే కెమెరాల గోడ పక్కకు జారిపోతది.

560 కాడ తాడు కుప్ప కనబడ్డది, పక్షి గూడు లెక్క, దాని సందుల మోటరు పంపు మెడ, తెగిన నిప్పల్ ఇత్తడి మెరుపు. అడుగున బురద పేరుకొని మోటరు అందుల కూసుంది. చాలామంది అడుగుతరు, అంత లోతుల అంత ప్రెషర్‌కు మోటరు పగిలిపోదా, మరి కెమెరాకే ఇన్ని జాగ్రత్తలెందుకు అని. మోటరు లోపల గాలి ఉండదు, నీళ్లో నూనెనో నింపి ఉంటది, కింద రబ్బరు డయాఫ్రం ఉంటది, బయట ఎంత ప్రెషర్ ఉంటే లోపల గంతే, కాబట్టి ఒత్తుడు లేదు. కెమెరాల గాలి ఉంది, జలాంతర్గామిల మనుషులుండేది గూడ గాలిలనే, గాలి ఉన్న కాడనే గోడ గట్టిగ ఉండాలె. 1960 జనవరి 23న పికార్డ్, వాల్ష్ అనే ఇద్దరు ట్రియెస్టె అనే లోతుకు దిగే నావల కూసొని పసిఫిక్‌ల మరియానా అగాధం అడుగు దాక, సుమారు 10,900 మీటర్లు పోయొచ్చిండ్రు, దాని పై భాగం పెద్ద తొట్టి లెక్క ఉంటది, దాన్నిండ పెట్రోలు. నీళ్ల కంటె తేలిక కాబట్టి తేలుతది, నింపి ఉంది కాబట్టి నలగదు, రేకు పల్చగున్నా నడిసింది. మనుషులున్న గుండు మాత్రం 12 సెంటీమీటర్ల పైన మందం ఉక్కు. ఇప్పుడు చెన్నైల ఎన్ఐఓటీ అనే సర్కారు సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు చేస్తున్న, లోతు సముద్రంల దిగే మత్స్య 6000 గూడ గంతే, ముగ్గురు కూసునే గుండు 2.1 మీటర్ల అడ్డకొలత, టైటానియం, 80 మిల్లీమీటర్ల మందం. మన బోరు మోటరు పనిచేసే తీరు ఆ పెట్రోలు తొట్టి తీరే.

తీసుడు సంగతి. కెమెరా వాళ్ల పని చూపెట్టుడు వరకే, తీసుడు వేరే పని, కాని ఈ అన్నదమ్ములు దగ్గరుండి చేయించిండ్రు. బాయిల చేద పడితే తీసే పాతాళగరిగె ఉంటది గద, మా నాయిన అటక మీదికెల్లి మా తాతప్పటిది తెచ్చిండు, అది ఈ బోర్ల పట్టదు గాని దాన్ని చూసి వెల్డింగ్ షాపుల మూడున్నర ఇంచుల వెడల్పుతోని చిన్నది చేయించినం, మూడు కొక్కేలు, మొనలు లోపలికి ఒంచి, గోడకు తట్టుకోకుంట. తెల్లారి ఇనుప తాడుకు కట్టి దించినం, దాని మీద పది అడుగుల పైన కెమెరా. తమ్ముడు టీవీ చూసుకుంట కుడి, ఎడమ, జర దింపు, ఆపు అని చెప్తుంటే బండి డ్రైవరు తిప్పుతున్నడు. వైజాగ్ హిందుస్థాన్ షిప్‌యార్డుల కట్టిన నిస్తార్ 2025 జూలైల నేవీల చేరింది, మునిగిన జలాంతర్గామి మనుషులను కాపాడే పనికి సాయం చేసే ఓడ, దానికి గూడ వెయ్యి మీటర్లు దిగే మిషన్లున్నయి, పైన ఒకడు టీవీ చూసుకుంట కింద ఇనుప చెయ్యి తిప్పుడే. మా తోటల గా రోజు అదే జరిగింది, నాకైతే అట్లనే అనిపించింది.

నాలుగోసారికి కొక్కెం తాడు కుప్పల దిగింది, మూడు చుట్లు తిప్పితే తాడు మెలిపడి పట్టుకుంది. గుంజుడుల గూడ జోర్ చేయనియ్యలేదు, జర బిగువు పెట్టి ఆపుడు, అయిదు నిమిషాలు ఆగుడు, మళ్ల జర. బురద పట్టు ఒక్కసారి గుంజితే ఇడువదు, నీళ్లు కిందికి దూరేదాక టైం ఇయ్యాలె. గంటన్నరకు ఇడిసింది. మాపటికి మోటరు బయట పడ్డది, బుష్షులు మార్పించిన, వైండింగ్ మంచిగనే ఉంది. 296 కాడ బండ అంచుకు తాడు తగలకుంట ఈసారి తాడును పైపుకే పదడుగులకు ఒకసారి కట్టి, అంచు కాడ పాత హెచ్‌డీ పైపు ముక్క తొడిగి దించినం.

మైనస్‌లు చెప్పాలె. టైంకు రారు, చెప్పిన. లోతు చూపెట్టే మీటరు కప్పీ చక్రం తిరుగుడు మీద నడుస్తది, కేబుల్ తడి అయితే జారుతది, మా కాడ పైకి తీసేసరికి ఏడు అడుగుల తేడా వచ్చింది. వాళ్ల కేబుల్ మీద పది మీటర్లకు ఒక ఎర్ర పట్టీ ఉంది, నేను దాన్ని లెక్కపెట్టుకుంట ఉన్న కాబట్టి సరిపోయింది, మీరు గూడ మీటరును నమ్మకుంట పట్టీలు లెక్కపెట్టండి. సముద్రంల పనిచేసే మిషన్లు తీగె పొడుగు చూడవు, నీళ్ల ప్రెషర్ కొలిచి లోతు చెప్తయి, ఈ కెమెరాలకు గూడ అట్లాంటి సెన్సార్ పెట్టించుకోమని వాళ్లకు చెప్పిన, ఖర్చు ఎంతైతదో కనుక్కుంట అన్నరు. ఇంకోటి, పెన్‌డ్రైవ్‌ల మొత్తం రికార్డు ఇయ్యలేదు, సగమే వచ్చింది, రికార్డు బటన్ మధ్యల ఆగిపోయిందట. బిల్లు కాయితం లేదు. కెమెరాకు 4,000 తీసుకున్నరు, రెండో రోజు ఉన్నందుకు ఇంకో 2,000, బండి, వెల్డింగ్ వేరే. కొత్త బోరుతోని చూస్తే నాకు ఇది ఏ కోశానా ఎక్కువ అనిపియ్యలేదు. అయిదుకు నాలుగున్నర ఇస్త, ఆ సగం ఆలస్యానికి, రికార్డుకు పోయింది.

రికార్డుల వచ్చిన సగంల ఒక ముక్క ఉంది, 388 అడుగుల కాడిది. బండల అడ్డంగ ఒక పగులు, రెండు వేళ్లు పట్టేటంత, దాంట్లకెల్లి చిన్న చిన్న నలకలు మెల్లగ బయటికొస్తున్నయి, అంటే అక్కడ ఊట నడుస్తాంది. ఈ బోరు వేసిన రోజు 390 కాడ నీళ్లు తగిలినయని మా నాయిన ఎప్పుడు చెప్తుండేవాడు, గుర్తుంచుకున్నడు. ఇన్నేండ్లు ఆ నీళ్ల మీద బతికినం గాని అది ఎట్లుంటదో ఎవ్వరం చూడలేదు. ఆ రోజు నాయిన టీవీ ముందట గొంతుక్కూసొని చూసిండు, తమ్ముడు బొమ్మ ఆపిపెట్టిండు, ఆయన లేసేదాక కెమెరా కదిలియ్యలేదు.

వాళ్లను పిలిచేటోళ్లు ముందే బోరు లోతు, కేసింగు ఎన్ని అడుగులు, మోటరు ఎక్కడ దించింది, పైపు ఎన్ని కట్టలు పోయింది రాసి పెట్టుకోండి. కెమెరా దించే ముందు రెండు రోజులు బోరును కదిలియ్యకండి, ఫ్లషింగు అసలే చేయించకండి, నీళ్లు తేటపడితేనే బొమ్మ వస్తది. నాలుగున్నర ఇంచుల బోర్లకు వాళ్ల కాడ చిన్న కెమెరా లేదు, ఆరున్నరకే వస్తరు. ఎవరూ పొరపాటున ఆన్ చేయకుంట స్టార్టర్ ఫ్యూజులు మీరే పీకి జేబుల పెట్టుకోండి. వేరే ఎవరినన్న పిలిచినా సరే, మూత విప్పి రింగు చూపెట్టు అని అడగండి, చూపెట్టకపోతే బోర్ల దించనియ్యకండి. మా చిన్నాయిన పైచెల్కల బోరుకు వచ్చే మంగళవారం మాట్లాడినం, పొద్దుగాల ఆరింటికే రావాలె అని ఈసారి గట్టిగ చెప్పిన.